కంకర కొలత

గాలిమరల కంపెనీకి దారి కావాలట.
బురదనేల మీదుగా, కొండ అంచు దాకా,
వంద టన్నుల ఇనుమును మోసే దారి.
కౌంటీ ఆఫీసు కాగితం నా చేతికే వచ్చింది.
మలాకీ టూహీ, మేస్త్రీ, కొలువులో ముప్పై ఒకటో ఏడు.

ఈ నేల మీద రోడ్డు వేయడమంటే
నీళ్ళ మీద చాప పరవడం.
ముందు గుడ్డ పరిచి, గుండురాయి పోసి, కంకర పోసి,
రోలరు తిప్పుతాం.
తెల్లారేసరికి జానెడు దిగిపోతుంది. మళ్ళీ పోస్తాం.
"దీని ఆకలి తీరేది కాదు" అంటాడు
రోలరు తోలే ఫెర్గల్, రొట్టె నములుతూ.

మూడోరోజు యంత్రం పన్నుకి చెక్క తగిలింది.
రాయైతే ఖంగుమంటుంది.
చెక్క అలా కాదు, ముసలివాడు దగ్గినట్టుంటుంది.
ఓక్ పలకలు. బర్చ్ దుంగల మీద వరసగా పేర్చినవి,
చివర్లలో చిల్లులు, చిల్లుల్లో కర్ర మేకులు.
నల్లగా, తడిగా,
నిన్న మధ్యాహ్నమే ఎవరో గొడ్డలి దించి
అన్నానికి వెళ్ళినట్టు.

డబ్లిన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, మోకాళ్ళ దాకా బూట్లు.
రెండువేల ఏళ్ళ కిందటి దారి అంది.
"ఎన్నాళ్ళు నడిచారమ్మా దీని మీద?"
"పదేళ్ళేమో. తన బరువుకి తనే మునిగిపోయింది."
ఫెర్గల్ పడీ పడీ నవ్వాడు.
మా రోడ్డుకి గ్యారంటీ పన్నెండు.

ఒక పలకలో ఒక చిల్లు తప్పు చోట పడింది.
బెత్తెడు పక్కన సరైనది.
ఆ తప్పు చిల్లులో చిటికెన వేలు పెట్టి
చాలాసేపు కూర్చున్నాను.
వాళ్ళ మేస్త్రీ తిట్టే ఉంటాడు.
ఏ భాషో గానీ, ఆ తిట్టు నాకు తెలుసు.

పలకల్ని తడిగుడ్డల్లో చుట్టి, పసిపిల్లల్లా ఎత్తుకుపోయారు.

ఉత్తరాన ఇంకో దారుంది. దాన్ని తవ్వక్కర్లేదు.
గోధుమరంగు గడ్డిలో ఒక పచ్చటి గీత,
కొండ సగం ఎక్కి ఆగిపోతుంది.
అవతల ఊరు లేదు, చేను లేదు, సముద్రమైనా లేదు.
బంగాళదుంప నేలలోనే కుళ్ళిన ఏడు
ఊరికే గంజి పోస్తే జనం సోమరులవుతారని
లండన్‌లో పెద్దలు తేల్చారు.
అందుకని రోడ్డు.
ఎక్కడికి, అని అడిగే ఓపిక ఎవరికీ లేదు.

మా నాయనమ్మకి నాయనమ్మ, ఊనా,
అక్కడ కంకర కొట్టింది.
పెట్టె నిండితే కూలి.
కొలత పెట్టెకి అడుగు ఉండదు, నేలే అడుగు.
ఇక్కడి నేల సంగతి ముందే చెప్పానుగా.
పోసిన కొద్దీ దిగేది,
పెట్టె ఎప్పుడూ నాలుగు వేళ్ళు వెలితి.
గుమాస్తా ఆ నాలుగు వేళ్ళకీ కోత రాసుకునేవాడు.

మార్చిలో డబ్బు ఆగింది, పనీ ఆగింది.
ఆఖరి కుప్ప పరవకుండానే మిగిలింది.
నాచు పట్టి, పడుకున్న గొర్రెలా ఉంటుంది ఇప్పటికీ.
చిన్నప్పుడు దాని మీదెక్కి కూర్చుంటే
నాయనమ్మ రెక్క పట్టుకుని దించేది.
"కూలి రాని రాయిరా అది. దిగు."

కంపెనీ పటంలో సరిగ్గా ఆ కుప్ప మీదుగానే ఎర్రగీత.
పక్కన చిన్న అక్షరాల్లో:
పనికిరాని రాళ్ళు, తొలగించవలెను.

ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను.
నాలుగు పలకలు మేకులు కొట్టి అడుగులేని పెట్టె చేశాను.
కింద మాత్రం ఇనుపరేకు వేశాను.
నాచు దులిపి, పారతో కొలిచాను.
మూడు పెట్టెలు నిండుగా,
నాలుగోది సగానికి పైన.
జేబు పుస్తకంలో రాసుకున్నాను.
ఎవరికి చూపించాలో తెలియదు.
రాళ్ళని మళ్ళీ కుప్పగా పోసేసరికి చీకటి పడింది.

ఇప్పుడు ఆ రోడ్డుకి అక్కడొక వంపు ఉంది.
పటంలో లేదు.
ఇంజనీరు కారు దిగి కారణం అడిగాడు.
"నేల మెత్తగా ఉంది సార్" అన్నాను.
అబద్ధమేం కాదు.