మూడు మీటలు

వ్రాన్యేలో పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక
మా రాదిసావ్ డాక్టర్ వుకోసావ ముందు నోరు తెరిచాడు.
పై వరసలో ముందరివి రెండు లేవు.
ఒకటి పుచ్చిపోయింది.
ఇంకోటి ఎవరి పెళ్ళిలోనో
తాగినవాడి మోచెయ్యి తగిలి ఊడింది.
అయినా ట్రంపెట్ దించలేదట,
లేని పంటి బిగువున.

తీసి పెట్టుకునే సెట్టు చవకే, ఊదితే జారుతుంది.
ఏడాదిగా అది జేబులో
చిల్లరతో పాటు తిరుగుతోంది.
బ్రిడ్జి కట్టొచ్చు, కానీ అటూ ఇటూ ఉన్న
మంచి పళ్ళని అరగదీయాలి, అంది డాక్టర్.
"వాటి తప్పేంటి?" అన్నాడీయన.
అంతే. తేలిపోయింది.
పొలం గట్టు దగ్గర పక్కవాడితో
ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు ఈ మనిషికి!

టైటానియం మర అరచేతిలో పెట్టి చూపించారు,
నా చిటికెనవేలి గోరంత.
ధర విని మా పందుల్ని లెక్కపెట్టుకున్నాను.
ఐదు. ఒకటి మిగిల్చాం.
ఎముక దాన్ని తనదనుకోడానికి నాలుగు నెలలు,
అందాకా ఊదకూడదు.

పొయ్యిలో కట్టె జరిగినా
ఇప్పుడు ఉలిక్కిపడుతున్నాను.
ముప్పై ఏళ్ళు ఆ ట్రంపెట్‌ని తిట్టిన నోరే ఇది.
ఆయన పాలలో నానిన రొట్టె తింటాడు,
గోడకున్న పెట్టె వైపు చూడడు.

రాత్రి నిద్రలో
నా భుజం మీద మూడు వేళ్ళు కదుల్తాయి.
ఒకటి. మూడు. మళ్ళీ ఒకటీ రెండూ కలిపి.
ఏ పాటో నాకు తెలుసు.
మసలకుండా పడుకుంటాను,
చరణం మధ్యలో తప్పుతాడేమోనని.