గడియ

తపస్సుకాలం కదా, మాంసం మానేశాను, చక్కెర మానేశాను,
ఈ సినిమా ఒక్కటీ మానలేకపోయాను.

పదిహేడేళ్లప్పుడు మా టెర్సీరా దీవిలో
గుడి వెనక హాల్లో
చేపల బుట్టలు బోర్లించుకుని కూర్చుని చూశాం.
ముద్దు సీను రాగానే ఫాదర్ ఒనోఫ్రె
మెషిను వెలుగుకి అరచెయ్యి అడ్డం పెట్టేవారు.
తెర మీద ఐదు నల్లటి వేళ్లు.
వాటి సందుల్లోంచి చూడాల్సిందంతా చూసేవాళ్లం.

అప్పుడు నాకు దొంగ ఒక్కడే కనిపించాడు.
వానకి తడిసిన కోటు, అగ్గిపుల్ల కొరికే తీరు,
రెండు రొట్టెలు చంకన పెట్టుకుని
ఇళ్ల కప్పుల మీంచి ఆ పరుగు.
మూడు నెలలు వాణ్ణే కలగన్నాను.
తర్వాత పడవల అమాదియుని పెళ్లాడాను.
అతనూ అగ్గిపుల్ల కొరికేవాడు,
పోలిక అంతవరకే.

ఇప్పుడు అరవై తొమ్మిది.
మనవరాలు తన టాబ్లెట్‌లో పెట్టిచ్చి పడుకుంది.
ఒళ్లో జపమాల, వంటింట్లో నానుతున్న చిక్కుళ్లు.
వెతికితే ప్రతి కథలోనూ ప్రభువు దొరుకుతాడని
కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ ప్రసంగం.
సరే, వెతికాను.
రొట్టె ఉంది. చేప ఉంది. తెల్లారుతుంటే కోడి కూడా కూసింది.
అంత సులువుగా దొరికేవాటిని నేను నమ్మను,
సంతలో పైవరసన పేర్చిన పళ్లలాంటివి అవి.

కట్టేద్దామనుకుంటుంటే
రొట్టెలవాడి భార్య వచ్చింది.
సినిమా మొత్తం మీద నాలుగుసార్లు కనిపిస్తుంది, ఒక్క మాటా లేదు.
రెండో రాత్రి, పిండి చేతుల్తో
వెనక తలుపు దగ్గరికొచ్చి
గడియ మీద చెయ్యి వేసి
తీసేసి
దీపం ఆర్పుకుని వెళ్లిపోయింది.
ఇనుము మీద తెల్లగా మూడు వేళ్ల గుర్తు.

యాభై రెండేళ్లుగా అనుకుంటున్నాను, మరిచిపోయిందని.
అమాదియుతో కూడా అన్నాను,
"ఈవిడ మతిమరుపు పుణ్యాన కదా వాడు ఆ చలికి చావకుండా బతికాడు" అని.
వెనక్కి జరిపి చూశాను. మళ్లీ జరిపాను.
మరిచిపోయే చెయ్యి
అంతసేపు ఆగదు.

పాపసంకీర్తనాల్లో ఇన్నేళ్లూ ఎన్ని చెప్పుకున్నాను!
పాలల్లో కలిపిన నీళ్లు,
ఆడపడుచుని అన్న పుల్లవిరుపు మాటలు,
ఈస్టరుకి ఈస్టరుకి అవే, అదే వరసలో.
జాలీ అవతలి గొంతు ఒక్కసారీ విసుక్కోలేదు.
పెద్దాయన కదా,
పైన ఆయనకీ గుర్తుండి ఉండవనుకున్నాను.

చివర్లో పేర్లు పైకి పాకాయి.
దొంగ పేరు పెద్ద అక్షరాల్లో.
గుర్రబ్బండి ఇచ్చినవాడి పేరు కూడా ఉంది.
ఆమె పేరు లేదు.

సోమవారం వానలోనే గుడి ఆఫీసుకి వెళ్లి
చనిపోయినవాళ్ల పూజకి డబ్బు కట్టాను.
ఎవరి పేరు మీద, అంది జెనొవేవా రిజిస్టరు తెరిచి.
తెలీదన్నాను.
అసలు పోయిందో బతికుందో కూడా తెలీదన్నాను.
కళ్లద్దాల మీంచి చూసింది.
రాసుకోవే, అన్నాను,
గడియ వెయ్యని ఆవిడ.

రాసింది, తప్పు లేకుండా, నెమ్మదిగా.
తలెత్తకుండానే అడిగింది:
ఇంటిపేరు?