చేపల బండి పటం

పటం కొందామన్నాను.
రేవులో అమ్మే పటంలో మన దీవి
అరచెయ్యంత నున్నగా ఉంటుంది, అంది ఎవాంథియా అక్క.
పడమటి కొండ మీద గీసిన ఆ ఎర్రగీత
పోయిన చలికాలం వానకి సముద్రంలో పడింది.
ఆ సంగతి పటానికెవరు చెప్పారు?

అందుకని వంటబల్ల మీద
తమ్ముడు ఫొతినోస్ అప్పుల పుస్తకం పరిచాం.
అట్ట మీద నూనె మరకలు,
ఎండి అతుక్కున్న పొలుసొకటి
అభ్రకం ముక్కలా మెరుస్తోంది.
ముప్పయ్యేళ్ళు వాడు చేపలమ్మిన దారంతా
పేజీకో ఊరు చొప్పున.

ఉత్తరం నించి మొదలెట్టాడు, గాలికి ఎదురుగా.
మావ్రోస్కాలా: బావి పక్కిల్లు, సార్డీన్లు రెండు కిలోలు, తర్వాత.
పాలియోమిలోస్: బడిపంతులు, ఆక్టోపస్ ఒకటి, పండగ వెళ్ళాక.
ఏ పండగో రాయలేదు.
కొన్ని లెక్కలింకా ద్రాక్మాల్లోనే ఉన్నాయి.
ఆ డబ్బు పోయి ఇరవయ్యేళ్ళు దాటింది,
అప్పు మాత్రం నిక్షేపంగా ఉంది.

అంచుల్లో పెన్సిల్‌తో:
ఇక్కడ హారన్ కొట్టు, మలుపు అవతల మేకలకి చెవుడు.
ఇక్కడ రెండో గేరు, దేవుణ్ణి తలుచుకోనక్కర్లేదు.
ఇక్కడ తలుచుకో.

కాఫీ కొట్టు ఇసిదోరోస్ నాలుగు రోజులన్నాడు.
వాళ్ళావిడ రెండంది.
పెట్రోలు రేవులోనే, అదీ మధ్యాహ్నం రెండు దాకానే,
డబ్బాలో పట్టుకెళ్ళండి.
మెల్తెమి లేచినప్పుడు తలుపు తియ్యకండి,
తీశాక అది మీ తలుపు కాదు.
వాళ్ళిద్దరూ దక్షిణపు ఒడ్డు చూశారా అనడిగాను.
ఇసిదోరోస్ కప్పు తుడుస్తూ ఉండిపోయాడు.

నేనూ చూళ్ళేదు. యాభై ఎనిమిదేళ్ళు ఈ రాళ్ళ మీదే పుట్టి పెరిగి
దీవి వీపు ఒక్కసారే చూశాను, పడవ మీంచి,
పంటి నొప్పితో.

దక్షిణాన ఫ్లాస్కియా అని ఒక పేజీ.
ఒక్కటే పేరు, థేక్లా.
ప్రతి శుక్రవారం ఒక బర్బూని.
ధర లేదు. ఏ ఏడూ లేదు.
అక్క గబుక్కున పేజీ తిప్పింది,
మూడు ఊళ్ళు దాటి వెళ్ళి
మళ్ళీ వెనక్కొచ్చింది.
రాత్రికి ఇక్కడ ఆగుదామా?
ఆగి ఏమడుగుతాం?
ఏమీ అడగం. మంచినీళ్ళడుగుదాం.

పుస్తకం తిరగేస్తే, వెనకనించి
వాడు బాకీ పడ్డవి:
థైమ్ తేనె ఒక డబ్బా, పాత టైరు, సగం మేకపోతు,
స్కిఫీ దగ్గర బురదలోంచి బండి తోసిన కుర్రాళ్ళు నలుగురు
(పేర్లు కనుక్కోవాలి).
అక్క రెండు వైపులా కూడింది.
ఎటు తేలిందో చెప్పకుండా
పెన్సిల్ చెవి వెనక దోపుకుంది.

సాయంత్రం బ్యాటరీ చూద్దామని
షెడ్డులో బండి తాళం తిప్పాను.
కప్పు మీది లౌడ్‌స్పీకర్ దగ్గి, గొంతు సవరించుకుని,
సార్డీన్లో! ఇప్పుడే తీసినవి! ఇంకా కళ్ళార్పుతున్నాయి!
చేపలు కళ్ళార్పవని
ఎంతమంది చెప్పినా వినలేదు వాడు.
గోడ మీంచి మూడు పిల్లులు దూకాయి.
నాలుగోది, ముసలిది, గుడ్డిది,
నడుచుకుంటూ వచ్చింది.

నేను తాళం తియ్యలేదు. అక్క తియ్యమనలేదు.
టేపు తిరిగి మొదటికొచ్చి మళ్ళీ అరిచింది.

తీగ పీకేద్దామా, అన్నాను కాసేపటికి.
ఊరూరా ఈ గొంతు విని
పళ్ళేలు పట్టుకుని గుమ్మాల్లోకొస్తారు కదా,
ఏం చెప్తాం?

అక్క టైరుని కాలితో తన్ని చూసింది,
రెండోదాన్నీ తన్నింది.
పడవలు తెల్లారగట్ల నాలుగింటికొస్తాయి, అంది.
ముందు ఐసు కొనాలి.