నోరు మూయని ఫోను

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద నా కొట్టు.
కొట్టంటే ఒక బల్ల, ఒక దీపం, భూతద్దం,
నా మోకాళ్లు పట్టేంత చోటు.
సూళ్లూరుపేటలో పొద్దున రైలెక్కుతాను.
తడ దాటగానే బోర్డుల మీది అక్షరాలకు
గుండ్రాలు పోయి మూలలు తేలతాయి.
జేబులో ఫోనుకు ఆ సంగతే తెలీదు.

ఆమె కాసిమేడు నుంచి వచ్చింది. సుగుణవతి.
తువాల్లో చుట్టిన ఫోను బల్ల మీద పెట్టి
"అన్నా, దీని నోరు మూయించు" అంది.

మొగుడు సరుకు ఓడలో వంటవాడు.
ఒసాకాలో కొన్నాడంట, పాతదే, గీత కూడా లేదు.
కానీ ఫొటో తీస్తే
టపుక్కున, కొబ్బరికాయ కొట్టినట్టు.
సౌండు తగ్గించినా అంతే, సైలెంటులో పెట్టినా అంతే.
మూడు నెలల పిల్లోడు.
నిద్రలో నవ్వుతాడే, ఆ నవ్వు ఆయనకు పంపాలని
తీస్తే చాలు, ఉలిక్కిపడి గుక్క పెడతాడు.

నాకు తెలిసినంత చెప్పాను.
ఆ ఊళ్ల రైళ్ల రద్దీలో ఎవడో
ఆడపిల్లలకు తెలీకుండా ఫొటోలు తీశాడు.
ఎవడో ఒకడు కాదు, చాలామంది.
అందుకని అక్కడ అమ్మే ఫోనుకు గొంతు పెట్టారు.
చట్టం కూడా కాదంట, కట్టుబాటంట.
కట్టుబాటు చట్టం కన్నా గట్టిది,
సెట్టింగుల్లో దొరకదు.

కాసేపు ఊరుకుంది.
"మన రైళ్లలో కూడా పెట్టొచ్చుగా ఆ గొంతు."
నా దగ్గర స్క్రూడ్రైవరుంది. జవాబు లేదు.

సొరుగులో ఇట్టాంటివే ఇంకో రెండున్నాయి.
దుబాయ్ నుంచి వచ్చినదానికి
ముఖం చూసి మాట్లాడే మీట ఉండాల్సిన చోటు బోసి.
అమెరికాదయితే సిమ్ము కన్నమే లేకుండా పుట్టింది.
వీపు మీద మన దేశపు అంకె లేదని
షోరూమువాళ్లు వీటిని ముట్టరు.
మస్తాన్ భాయ్ ముడతాడు, అమ్ముతాడు.
వారంటీ ఉందా అని అడిగితే
"ఉంది సార్, సముద్రానికి అవతల."

వెనక మూత వేడి చేసి ఊడదీశాను.
"స్పీకరు తీగ తెంచనా? ఇంక కిక్కురుమనదు.
కానీ రింగు కూడా రాదు."
ఆమె లెక్కేసుకుంది.
ఓడ రేవు తగిలినప్పుడే ఆయన ఫోను,
అదీ ఏ అర్ధరాత్రో.
"వద్దన్నా. మూసెయ్. పిల్లోడు అలవాటు పడతాడు."

చూసినందుకు డబ్బులేం తీసుకోలేదు.
పోతూ పోతూ నా బల్లనీ నన్నూ తీసింది, ఆయనకు చూపించాలంట.
టపుక్.
వీధంతా హారన్లే, అయినా నలుగురు తల తిప్పారు.

సాయంత్రం బండి ఖాళీగానే ఉంది.
ఎదుటి సీటులో ఒకడు
ఫోను మరీ నిలువుగా పట్టుకున్నాడు.
కిటికీ దగ్గర నర్సింగు చదివే పిల్ల,
తెల్లకోటు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది.
చెవులు రిక్కించాను.
ఏ చప్పుడూ లేదు.
పొన్నేరి వచ్చింది, పోయింది.

లేచాను.
సీటుండగా ఎందుకు నిలబడ్డావన్నట్టు చూశాడు వాడు.
ఇద్దరికీ మధ్య, పై కడ్డీ పట్టుకుని
తడ దాకా నిలబడే ఉన్నాను.