వర్తించదు

స్వాన్సీలో మా క్లినిక్ ముందు తలుపుకి
రెండే మెట్లు.
రెండే కదా, అంటారు ఎక్కగలిగినవాళ్లు.
నెరిస్ పావెల్ వెనకదారిన వచ్చేది,
చెత్తడబ్బాల పక్కగా,
చక్రాలకి వాన అంటించుకుని,
వాసనని ఒడిలో మోసుకుని.

ఫారంలో పధ్నాలుగో ప్రశ్న:
పడకలో తోడెవరైనా ఉన్నారా?
అందరినీ అడుగుతాను.
నేల చూపుల కుర్రాణ్ణి,
ఉంగరం తిప్పుకుంటూ కూర్చునే బ్యాంకు మేనేజరుని.
ఆ రోజు తలెత్తి కుర్చీని చూశాను,
కుర్చీలో మనిషిని కాదు.
నా పెన్ను దానంతటదే రాసేసింది:
వర్తించదు.

నేను మొదటిదాన్నేం కాదు.
నాలుగేళ్ల ఫైలు బల్ల మీద లావుగా ఉంది.
రెండుసార్లు న్యుమోనియా.
ఎప్పుడూ కూర్చునే ఉంటుంది కదా.
పదకొండు కిలోలు తగ్గింది.
కండరాల జబ్బు కదా.
నోట్లో తెల్లపూత.
యాంటీబయాటిక్స్ వాడింది కదా.
ఒక్కొక్క డాక్టరూ తన వంతు 'కదా' చేర్చి
తర్వాతివాళ్ల చేతిలో పెట్టారు.
ఉన్న రక్తపరీక్షలన్నీ చేశారు
ఒక్కటి తప్ప,
అది మనసుపడ్డవాళ్లకి చేసేదట.

"ఏం రాశావు?" అంది.
చూపించాను.
పెన్ను అడిగింది.
వణికే వేళ్లకి పెన్ను దొరకడానికి చాలాసేపు పట్టింది.
సాయం చెయ్యబోయి ఆగాను.
ఆ రోజు నేను చేసిన మంచిపని
ఆ ఆగడం ఒక్కటే.

కొట్టేసింది.
గీత వంకరపోయి పదిహేనో ప్రశ్ననీ గీరింది.
పైన, విడివిడి అక్షరాల్లో:
ఎమ్లిన్. ఆరేళ్లుగా. మంగళ, శనివారాలు.
"శనివారం ఒక్కోసారి రెండుసార్లు" అని నవ్వింది.
పదహారేళ్ల నర్సుని, చెవులు కాలిపోయాయి.

వారానికి ఫలితం వచ్చింది.
చెప్పాను, నేర్పిన పద్ధతిలో, నేర్పిన గొంతుతో.
ఏడవలేదు.
కిటికీ మీద చినుకులు జారేదాకా చూసి
"నాలుగేళ్లలో మీలో ఒక్కరైనా
ఒక్కసారి నన్ను ఆడదనుకుని ఉంటే" అంది.
వాక్యం పూర్తి చెయ్యలేదు.
ఇప్పటికీ నా దగ్గరే ఉంది, సగం.

ఎమ్లిన్ కూడా వచ్చాడు పరీక్షకి.
అదే ఫలితం.
ఎవరినుంచి ఎవరికి అని
ఇద్దరూ ఒకర్నొకరు అడుక్కోలేదు.
ఆ ప్రశ్న ఒక్కటే
నిజంగా వర్తించదు.

అడగందే అమ్మైనా పెట్టదనేది మా అమ్మమ్మ.
కానీ ఇక్కడ అడగవలసిన నోరు మాది,
ఆకలి వాళ్లది.

రోజుకొక మాత్ర. అంతే.
ఆ వేళ్లకి మాత్రల రేకు చిరగదు.
"ఎవరైనా తీసిపెడతారుగా" అన్నాడు ఫార్మసీ అబ్బాయి.
ఎవరైనా అంటే
వారానికి ముగ్గురు మారే కేరర్లు.
ఒకామె నెరిస్ చెల్లెలితో చాపెల్లో పాడుతుంది,
ఇంకొకామెది ఎదురిల్లు.
తాళంచెవితో పాటు గుట్టూ చేతులు మారుతుంది.
వెడల్పు మూత సీసా తెప్పించడానికి
నెల పట్టింది మాకు.
ఒక మూతకి, నెల.

ఇప్పుడు ఆమె రక్తంలో వైరస్ లెక్కకి అందదు.
బుగ్గలు నిండాయి. మా కమిటీలో కూర్చుంటుంది,
టీ చల్లారిపోతుంటే పట్టించుకోకుండా.
మొన్న వరండాలో ఒక చెవిటి కుర్రాణ్ణి చూపించింది.
సైగలని మాటలు చెయ్యడానికి పక్కన వాళ్లమ్మ.
"తల్లి నోటితో
ఏ కొడుకు అడుగుతాడు ఆ మాట?"
మినిట్స్ రాసేవాడు తలెత్తాడు.
తర్వాతి వారం ఇంటర్‌ప్రెటర్ వచ్చింది,
తల్లి బయట పత్రిక తిరగేస్తూ కూర్చుంది.
తలుపు వెనక ఆ కుర్రాడి చేతులు
ఎంత వేగంగా మాట్లాడాయో.

మెట్ల సంగతి వచ్చే బడ్జెట్లో చూస్తామన్నారు.
రెండే కదా.

నేనూ ఈమధ్య వెనకదారినే వస్తున్నాను పొద్దున్న డ్యూటీకి,
చెత్తడబ్బాల పక్కగా.
ఆ వాసన నాకు
అలవాటు కాకుండా ఉండాలని.