ఫ్రీ సైజు

నలభై అయిదు సెకన్లు. అంతే పాఠం.
దారపు రీళ్ల డబ్బాకి ఫోను చేరేసి
హైమావతి టీచర్ని నిలబెడతాను.
ఆవిడ వెనక గోడ మీద ఎప్పుడూ ఒకటే క్యాలెండరు,
ఇంకా మార్చి నెలలోనే ఉంది.

సింధియాలో ఇరవై ఆరేళ్లుగా
నేవీ వాళ్ల తెల్ల బట్టలు కుడుతున్నాను.
ఇంగ్లీషు రాదని ఎవరన్నారు?
చెస్టు, వెయిస్టు, షోల్డరు, స్లీవు,
కాలరు, కఫ్, లూజు, టైటు, ట్రయలు.
మనిషిని మెడ నుంచి మడమ దాకా
ఆ భాషలోనే కొలిచాను.
రానిదల్లా ముక్కలు కలిపి కుట్టడం.
నా ఇంగ్లీషంతా కత్తిరించి పెట్టిన గుడ్డ,
ఏ ముక్కా ఇంకో ముక్కని ఎరగదు.

"ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్ అనకండి,
ఐ హావ్ టూ బ్రదర్స్ అనండి."
అన్నాను. నాకున్నది ఒక్కడే,
వాడితోనూ మాటల్లేవు,
అయినా ఆవిడ కోసం ఇద్దరన్నాను.

కాజాలు కుట్టే ఎర్నాయుడు నవ్వుతాడు:
"మిషనాపీసి మరీ సదవాలేటి మావా?"
ఆపకపోతే ఎలా?
ఆ చప్పుడులో మాట చివరి 'స్' వినపడదు,
ఇంగ్లీషు వాడికి ప్రాణమంతా అక్కడే ఉందట.

ఆవిడలో నాకు నచ్చింది వేరే.
"నాతో పాటు అనండి" అని ఆగుతుంది.
మూడు సెకన్లు.
నా వైపే చూస్తూ, ఏమీ అనకుండా.
ఈ కొట్లోకి వచ్చినవాళ్లెవరూ
నా మాట కోసం అంతసేపు ఆగలేదు.
ఒక్కోసారి పాఠం అనను.
"మోకాలు నొప్పండీ" అంటాను.
"వెరీ గుడ్" అంటుంది.

మొన్నటి పాఠం 'యూ'.
నువ్వన్నా యూ, మీరన్నా యూ,
తమరన్నా యూ, ఒరేయ్ అన్నా యూ.
కొలత తప్పిందేమోనని
రెండుసార్లు వెనక్కి జరిపి చూశాను.
కమాండరు గారికీ ఎర్నాయుడికీ ఒకే చొక్కానా?
ఫ్రీ సైజు మాట!
మెడలో టేపుతో ఇన్నేళ్లూ
మనుషుల్ని అంగుళాల తేడాతో విడదీసినవాణ్ణి,
ఆ రాత్రి నాలో నేను
యూ, యూ అనుకుంటూ పడుకుంటే
"ఎవరికి ఊ కొడుతున్నారు?"
అంది సత్యవేణి నిద్దట్లో.

బుధవారం ఆ లెఫ్టినెంటు వచ్చాడు.
డాక్‌యార్డు హూటరు మోగాక,
రిఫైనరీ మంట మా అద్దంలో ఎర్రగా పడే వేళ.
స్కూటరు దిగకముందే "రెడీ?" అన్నాడు.
నాలుక మీదికి పాత మాటే వచ్చింది,
అయ్యా, తమరు...
మింగేశాను.
మూడు సెకన్లు నాకు నేనే ఇచ్చుకున్నాను.
తర్వాత, ఒక్కొక్క కుట్టే వేస్తూ:
"యూ సెడ్ థర్స్‌డే.
టుడే ఈజ్ వెన్స్‌డే."
ఎర్నాయుడి సూది కాజాలో సగంలో ఆగింది.
అక్కడితో ఊరుకుంటే బాగుండేది.
అలవాటు కొద్దీ చివర "సార్" అని
ఒక గుండీ కూడా కుట్టేశాను.

అతను నన్ను చూశాడు, ఫోన్లో టీచర్ని చూశాడు.
టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.
"నిజమే బాబాయ్, రేపొత్తాన్లే.
మాది టెక్కలి దగ్గర."

రెండేళ్లుగా కుడుతున్నాను అతనికి.
ఆ చొక్కాకి లోపలి జేబు పెట్టింది నేనే.
ఇన్నాళ్లూ తెలుగు అందులోనే ఉందన్నమాట!

"అయితే నువ్ నేర్సిందంతా దండగేనేటి మావా?"
అన్నాడు ఎర్నాయుడు షట్టరు దించుతూ.
జవాబు చెప్పలేదు. ఇంకో పాఠం పెట్టాను.
"సీ యూ టుమారో" అని ఆవిడ ఆగింది.
వెనక గోడ మీద అదే మార్చి.
"మీ ఊరేదండీ?" అని అడిగాను ఆ ఖాళీలో.

తర్వాతి పాఠం
దానంతటదే మొదలైపోయింది.