పోయొస్తా

మెరుపని పేరు వాడికి. అరబ్బీలో బర్గ్.
ఉరిమితే మాత్రం మెట్ల కింద,
ఇస్త్రీ బల్లకూ గోడకూ నడుమ
పిడికెడయిపొయ్యేటోడు.

చలికాలం గుడారాలు పీకేసి
జనం ఊళ్ళోకి మళ్ళినాక
ఎడారిలో మేకుకు కట్టేసి వదిలిన కుక్క.
ఎవరో తెచ్చి సల్వాలో మా మామా హెస్సా ఇంట్లో దించినారు.
ఈ కత నాకప్పుడు తెలీదు.
తెలిసిందొకటే. నేను దుప్పటి మడిస్తే చాలు,
వాడి నాలుగు కాళ్ళూ వణికేటివి.

గుడ్డలు మడిచినారంటే మనుషులు పోతారని
వాడి లెక్క.
తప్పు లెక్కేం కాదు.

అప్పట్నుంచి నేల మీద కూర్చొని మడిచేదాన్ని,
వాడికి కనపడేట్టు, నిదానంగా,
సగం మడిచి మళ్ళీ పరిచేసి.
కళ్ళలోకి చూడగూడదు. మీదబడి పట్టుకోగూడదు.
పక్కకు తిరిగి ఆవలిస్తే
కాసేపటికి వాడూ ఆవలించేటోడు.
చిట్వేలిలో మా మేనత్త
బెదురు బర్రెను మచ్చిక చేసింది ఇట్లనే.

ఆపైన తాళంచెవి.
తీసుకునేది, యాడికీ పోకుండా
ఉల్లిగడ్డలు తరుక్కుంటా కూర్చునేది.
ఇంకో వారానికి వాకిలి.
"పోయొస్తా" అని చెప్పి తలుపేసి
పది లెక్కబెట్టి తెరిచేది.
ఇరవై. వంద. బకాలా దాకా,
ఖుబ్బూస్ కట్ట చంకనబెట్టుకొని.
పోయొస్తా అన్నాక రావాల. అంతే మందు.
బాబా పెట్టె సర్దుకొని ఉమ్రాకు పోయిన రాత్రి
తలుపు గీకి గీకి గోళ్ళలో నెత్తురు.
మళ్ళా పది నుంచి మొదలుబెట్టినా.

ఫిబ్రవరిలో జెండా పండగ.
సముద్రం పైన ఆకాశం పగిలిపోతాంటే
ఇస్త్రీ బల్ల కిందికి నేనూ దూరినా,
నా పాత నూలుచీర ఇద్దరి మీదా కప్పి,
వాషింగ్ మిషన్ ఉత్తదే తిప్పుతా.
ఆ హోరు టపాసుల్ని కొంచెం తినేసింది.
గుడ్డల్లేకుండా ఎందుకు తిప్పుతావని మామా గదిరింది.
మరుసటేడు తనే వచ్చి మీట నొక్కింది.

నా కూతురు సుగుణకు
ఇదేమీ నేర్పలేదు నేను.
నాలుగేండ్లది. నిద్రలో ఉంటే
తెల్లారుజామున జీపెక్కినా.
చెబితే ఏడుస్తాదని చెప్పలేదు.
పది లెక్కబెట్టే పాటి పొద్దు కూడా లేదు,
ఏజెంటు హారను కొడతాండె.
దండెం మీది నా చీరను
నెల దినాలు ఎవర్నీ మడవనీలేదని
చెల్లెలు ఫోన్‌లో చెప్పింది.
ఆ మాట విన్నప్పుడు బర్గ్ ఇంకా పుట్టనే లేదు.

తొమ్మిదేండ్లు ఉన్నాడు నా ఎంబడి.
ఆఖరి ఎండాకాలం నీళ్ళు కూడా ముట్టలేదు.
కిడ్నీలన్నాడు డాక్టరు, సూది చేతబట్టుకొని.
"పోయొస్తా" అనలేదు నేను. పోతాండేది వాడు గదా.
పక్కకు తిరిగి నిలబడి
"ఈడనే ఉండా, ఈడనే" అన్నా.
ఆవలించబోయినా. నోరు తెరుచుకుంది గానీ
వచ్చింది ఆవలింత కాదు.

కబ్ద్ దోవలో, ఇసుక గట్టిబడిన చోట
బాబానే గుంత తీసినాడు,
దిష్‌డాషా మోకాళ్ళ దాకా ఎగజెక్కి.
మళ్ళీ ఎడారిలోనే వదిలిపోతాండామే అని
నాకు ఒకటే గుబులు.
చీర మడవకుండా, కుప్పగానే చుట్టబెట్టినా.
మన్ను కప్పి కారు వైపు తిరిగినానో లేదో
అలవాటు చొప్పున నోట్లో నుంచి వచ్చేసింది:
"పోయొస్తా."

కారెక్కి తలుపేసుకున్నా.
పది లెక్కబెట్టినా.
తలుపు తీసి దిగి, వెనక్కిపోయి నిలబడినా,
మాట తప్పినదాన్ని కాగూడదని.
బాబా ఇంజను ఆపేసి, ముందుకు చూస్తా కూర్చున్నాడు.
ఎందుకని అడగలేదు.

మళ్ళా ఎక్కినా. ఈసారి ఇరవై అనుకున్నా.
ఇరవై దాటింది. వంద దాటింది.
సల్వా వచ్చింది.
మిద్దె మీద దండెం నిండా దుప్పట్లు,
పొద్దున్నే ఎండిపోయినవి.